వానాకాలం రాని ఆచారి

కార్తీకమాసం తుపాను. మూడు రోజులుగా ఒకటే ముసురు. కలువాయిలో మా ఇంటి వీధి తలుపు ఎప్పటిలాగే ఉబ్బి బిగుసుకుంది. లోపల్నుంచి చిన్నమ్మ లాగుతోంది, బయట్నుంచి నేను భుజంతో తోస్తున్నాను. నెత్తిన చూరు నీళ్ళు. నాలుగో తోపుకు తలుపు కుయ్యోమంటూ తెరుచుకుంది.

"ఆచారిని పిలిచి అంచు కాస్త చిత్రిక పట్టించకూడదా చిన్నమ్మా?" అన్నాను తల తుడుచుకుంటూ.

"ఏ ఆచారిని?" అంది చిన్నమ్మ.

నిజమే, ఏ ఆచారిని? నేనెరిగిన ఆచారి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయినట్టు అప్పట్లో నాయన ఉత్తరం రాశాడు కూడా. ఆ తర్వాత ఆ పని ఎవరు చేస్తున్నారని ఒక్కసారైనా అడగలేదు నేను. సెలవులకు రావడం, రెండు రోజులుండడం, నిమ్మకాయల సంచీ కారులో వేసుకుని పోవడం. తలుపు బిగుసుకున్న రోజున గానీ ఆయన గుర్తు రాలేదు.

"ఆత్మకూరులో ఒక అబ్బయ్య ఉండాడు. కరెంటు మిషనుతో చిత్రిక పడతాడంట. ఫోను చేస్తే బండేసుకుని వస్తాడు. అయితే ఒక్క తలుపుకైతే రాడు. ఇంకేమన్నా పనుంటే చెప్పండి, రెండూ కలిపి చేస్తానంటాడు" అంది చిన్నమ్మ. అని, నా సంచీ వైపు చూసి, "నువ్వేదో కొయ్యపని నేర్చుకుంటా ఉండావంట గదా. మీ ఆవిడ చెప్పింది. నువ్వే పట్టు" అంది.

ఆ మాటలో వెటకారం ఎంతో నమ్మకం ఎంతో తేల్చుకోలేకపోయాను. కారు డిక్కీలో నిజంగానే ఒక చిన్న ఇనుప చిత్రిక ఉంది. పొద్దున పట్టొచ్చులే అని పడుకున్నాను. చూరు కింద టపటపా నీళ్ళు పడుతుంటే నిద్ర రాలేదు. ఆచారి కొట్టం గుర్తొచ్చింది.

*

కొట్టం మా వీధి చివర, కానుగ చెట్టు కింద. తాటాకు పందిరి. ఒక వైపు ఆయన ఇంటి గోడ, మిగిలిన మూడు వైపులా గాలి. నేలలో సగం పూడ్చిన తుమ్మ మొద్దు ఒకటి ఉండేది. బాడిసతో ఏది చెక్కినా దాని మీదే. బొంగరం చేసివ్వమని మేం వెళ్ళి దాని మీద కూర్చుంటే మెడ పట్టి దించేవాడు. పనిబల్ల అనేది లేదు. చెక్కను నేల మీద పెట్టి, ఎడమ మడమతో తొక్కి, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఇరికించి ఉలి వేసేవాడు. హైదరాబాదులో నేను ఇరవై కిలోల ఇనుప బిగింపు కొని బల్లకు తగిలించుకున్నాక కూడా నా చెక్క కదులుతూనే ఉంటుంది. ఆయన పాదం కింద చెక్క కదలగా నేను చూడలేదు.

బడికి పోతూ పోతూ చప్పుడును బట్టి ఆరోజు ఏం పనో చెప్పేవాళ్ళం. పచ్చి తుమ్మ మీద బాడిస పడితే మెత్తగా 'దబ్ దబ్', ఎండిన తుమ్మ మీద పడితే గంట కొట్టినట్టు 'ఖణేల్'. అదైతే మడక పని. కొడతితో ఉలి మీద కొట్టే 'ఠప్ ఠప్', మధ్యలో ఒక ఊదు, మళ్ళీ 'ఠప్': అది కుసికి బెజ్జం తొలుస్తున్నట్టు. 'సర్ర్' మని సాగదీసిన చప్పుడు చిత్రికది. ఆ చప్పుడు వినపడితే బడికి ఆలస్యమైనా సరే ఆగేవాళ్ళం. చిత్రిక నోట్లోంచి చుట్టలు చుట్టుకుంటూ వచ్చే పల్చటి చెక్కపొరలు మాకు కావాలి. వేలికి చుట్టుకుంటే ఉంగరం, ముంజేతికి చుట్టుకుంటే గడియారం. మేం ఏరుకోగా మిగిలినవి సాయంత్రం ఆడవాళ్ళు పొయ్యి రాజేయడానికి గంపల్లో తీసుకుపోయేవాళ్ళు. రంపపు పొట్టు కోసం టీ అంగడి ఆయన వచ్చేవాడు. రేకు డబ్బా పొయ్యిలో నడిమధ్య సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి కూరి, సీసా లాగేస్తే ఆ బెజ్జంలో మంట పూటంతా నిలిచేది.

రోజూ పొద్దున్నే మొదటి పని ఉలి నూరడం. సానరాయి మీద నీళ్ళు చిలకరించి, గొంతుక్కూచుని, అటూ ఇటూ, అటూ ఇటూ. పదును చూడ్డానికి ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు గీసేవాడు. అందుకే ఆ చేతి మీద అరచేతి వెడల్పున ఎప్పుడూ నున్నగా ఉండేది. అది ఏదో కాలిన మచ్చ అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. నాకిప్పుడు యాభై ఎనిమిది. మొన్న ఆఫీసులో ఒకాయన నా ఎడమ చేయి చూసి "అదేంటి సార్, ఏమన్నా ఎలర్జీనా?" అని అడిగాడు.

పెద్ద మానులు కోయాల్సి వస్తే రంపం కోతవాళ్ళు వచ్చేవాళ్ళు. మానును ఎత్తుగా కట్టిన గుంజల మీద వాలుగా ఎక్కించి, జాజులో ముంచిన నూలుతాడు బిగించి, నడిమధ్య పట్టి లాగి వదిలితే ఈ కొన నుంచి ఆ కొనకు ఎర్రటి గీత పడేది. ఒకడు పైన నిలబడి, ఒకడు కింద కూర్చుని, ఆ గీత తప్పకుండా కోసుకుపోయేవాళ్ళు. పైవాడు గీత చూసుకోవాలి, కిందివాడు కళ్ళు కాపాడుకోవాలి. కిందివాడు సాయంత్రానికి కనుబొమ్మల దాకా పసుపు రాసుకున్న పెళ్ళికొడుకులా తేలేవాడు. ఇద్దరికీ కూలి ఒకటే అయితే కింద ఎవరు కూర్చోవాలన్న తగువు ఎలా తీర్చుకునేవాళ్ళో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఏ చెక్క దేనికో ఊళ్ళో అందరికీ తెలుసు. మడకకూ బండి చక్రానికీ తుమ్మ, రోకలికి చండ్ర, ద్వారబంధానికి వేప, పెట్టెలకు మామిడి, ఇంటికప్పుకు తాటి దూలాలు, కలిగినవాళ్ళ తలుపులకు టేకు. పడమట వెలిగొండల్లో ఎర్రచందనం ఉండేది. ఎక్కడో కాదు, ఈ కొండల్లోనే పుట్టి ఈ కొండల్లోనే పెరిగే చెట్టు. ఒకప్పుడు ఇళ్ళకు గుంజలుగా వాడిన మాను అదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. 1995లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు దాని పేరు పత్రికల్లో లారీలతోనూ పోలీసులతోనూ కలిపి తప్ప కనపడదు.

*

ఆచారికి జీతం లేదు, రేటు లేదు. మేర ఉండేది. కల్లంలో వడ్లు తూర్పారబట్టి రాశి పోశాక, అది ఇంటికి చేరకముందే చాకలికిన్ని, మంగలికిన్ని, కమ్మరికిన్ని, వడ్రంగికిన్ని అని కొలిచి పెట్టడం. ఏడాది పొడుగునా మడక విరిగినా, కాడిమాను పగిలినా, గుంటక వదులైనా, గొర్రు జడ్డిగం చీలినా బాగు చేసినందుకు అదే కూలి. మా జిల్లాలో పుట్టి అంటే చిన్న కొలత కాదు, 850 కిలోలు. రాశి పుట్లలో పెరిగినా ఆచారికి కొలిచేది కుంచాల్లోనే ఉండేది. ఆ కుంచాన్నైనా తల కొట్టి కొలిచేవాళ్ళు కొందరు, గోపురంగా పోసేవాళ్ళు కొందరు. మా నాయన గోపురం పోసేవాడని రాసుకోవాలని ఉంది. ఏం చేసేవాడో నేను చూడలేదు.

మేరలోకి సేద్యం సామాను మాత్రమే వస్తుంది. మంచం, తలుపు, కుర్చీ రావు. వాటికి వేరే కూలి. చెక్క మనది, చోటు మనది. ఆచారి సామాను గోనెపట్టాలో చుట్టుకుని మన ఇంటికే వచ్చి వాకిట్లో కూర్చునేవాడు. మా అమ్మ పెళ్ళినాటి మంచం అలాగే అమ్మమ్మ వాళ్ళ వాకిట్లో తయారైంది. ఆయన మాత్రం ఎవరింట్లోనూ అన్నం ముట్టేవాడు కాదు. జంధ్యం ఉండేది. బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకం కింద ఇస్తే ఇంటికి పంపేవాడు. అమావాస్య నాడు ఉలి పట్టేవాడు కాదు. విజయదశమికి సామానంతా కడిగి, బొట్టు పెట్టి, వరసగా పేర్చి దణ్ణం పెట్టేవాడు. ఏడాదికోసారి కొండకవతల కందిమల్లాయపల్లెకు, బ్రహ్మంగారి మఠానికి పోయివచ్చేవాడు.

సేద్యం పనులు లేని రోజుల్లోనే ఈ సామాను పని. చెరువు నిండిందంటే ఇక ఆయన దొరకడు. కొట్టం ముందు మడకలు వరసలో ఉండేవి, ఆసుపత్రిలో రోగుల్లాగా. మంచం కోడు ఊగుతోందని ఎవరైనా వస్తే ముఖం కూడా ఎత్తేవాడు కాదు. "మంచం కూడు పెడద్దా?" అనేవాడు.

ఒక్క విషయంలో మాత్రం మా ఇంట్లో అందరికీ ఆయన మీద కోపం. ఏటా ఈ తుపాన్ల నెలలోనే వీధి తలుపు ఉబ్బేది. నాయన కబురు పెట్టేవాడు. వస్తాలే అనేవాడు, రాడు. మళ్ళీ కబురు. నన్ను పంపేవాళ్ళు. "పోయి రమ్మన్నానని చెప్పు" అని నాయన, "సంకురాత్రి పోనీ అబ్బయ్యా" అని ఆచారి. ఈలోగా తలుపును తన్ని తెరవడం, తన్ని మూయడం. సంక్రాంతి పోయి, శివరాత్రి చలి కూడా తగ్గాక, తలుపు దానంతటదే సర్దుకున్నాక, ఒకరోజు వచ్చి ఊరికే అటూ ఇటూ ఆడించి చూసేవాడు. ఒకటో రెండో పొరలు తీసేవాడు, ఒక్కోసారి అదీ లేదు. "అవసరమప్పుడు రాడు, అవసరం లేనప్పుడు వస్తాడు" అని నాయన విసుక్కునేవాడు. నాయన వయసు కంటే ఆచారి వయసు పదేళ్ళు ఎక్కువ. అయినా నాయన "ఏం ఆచారీ" అనేవాడు, ఆయన "అయ్యా" అనేవాడు. అప్పుడు మాకది తప్పుగా తోచలేదు.

*

కొయ్యపని నాకు పట్టుకున్నది ఆలస్యంగా. హైదరాబాదులో అపార్టుమెంటు బాల్కనీ, ఆరడుగులు పొడవు, నాలుగడుగులు వెడల్పు. బట్టలు ఆరేసే తీగల కింద నా కార్ఖానా. కరెంటు మిషన్లు పెడితే కింది ఫ్లాటువాళ్ళు ఊరుకోరు గనుక చేతి సామానే. మొదట చేసింది ఒక పీట. నాలుగు కాళ్ళు, పైన పలక. మూడు ఆదివారాలు పట్టింది. నేల మీద పెడితే ఊగింది. ఒక కాలు తగ్గించాను. ఇటు ఊగింది. ఆ కాలు తగ్గించాను. అలా తగ్గించుకుంటూ పోయి, కుర్చీ పక్కన వేసుకుందామనుకున్నది కత్తిపీట ఎత్తుకు దిగింది. మా ఆవిడ దాని మీద కూర్చునే కూరగాయలు తరుగుతోంది ఇప్పుడు.

అప్పుడు గుర్తొచ్చింది, మా ఇంట్లో ఆవుపాలు పితకడానికి వాడే ముక్కాలిపీట. మూడు కాళ్ళే ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. చెక్క ఆదా అనుకుని ఉంటాను. మూడు కాళ్ళది ఎలాంటి నేల మీదైనా ఊగదు. పేడతో అలికిన నేల, గొడ్లచావిట్లో రాళ్ళ నేల, ఎక్కడైనా మూడు కాళ్ళూ ఆనుకుంటాయి. నాలుగు కాళ్ళకు చదును నేల కావాలి. మా ఊళ్ళో అప్పుడు చదును నేల ఉన్నది గుడిలోనూ ఒకరిద్దరి ఇళ్ళల్లోనూ.

ఇక అక్కణ్నుంచి నా చూపు చెడింది. పెళ్ళికి పోతే కుర్చీ తిరగేసి చూస్తాను. ఎవరింటికైనా పోతే సోఫా మీద కూర్చోకముందే చెయ్యి కిందికి పోతుంది. సొరుగు తెరిస్తే లోపలున్నది కాదు, సొరుగు మూలలు చూస్తాను. అక్కడ చెక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయా, మేకు పట్టుకుందా, బంకా. మా ఆవిడ రెండుసార్లు జనంలో నా చెయ్యి గిల్లింది. లక్ష రూపాయల వార్డ్‌రోబ్ చూపించి "ఎలా ఉంది?" అని ఒక స్నేహితుడు అడిగాడు. అడుగున, తడిగుడ్డ పెట్టి తుడిచే చోట, పొట్టును అచ్చుపోసిన చెక్క అప్పుడే అటుకులు నానినట్టు ఉబ్బుతోంది. బాగుందన్నాను. మంచి మాట కూడా చెప్పాలి కదా. ఆ అద్దం తలుపు వేలితో తోస్తే చప్పుడు లేకుండా జారిపోతుంది. ఆచారి చేసిన ఏ తలుపూ అంత మర్యాదగా మూసుకోలేదు.

చేతి పనికి పేరుపడ్డవాళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాను. జార్జి నకషిమా అని జపాను మూలాలున్న అమెరికన్. కుర్రతనంలో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో ఒక వసతి భవనం కట్టే పని చూడ్డానికి వచ్చి, అక్కడే సామాను తయారీ మొదలుపెట్టాడు. ఆ భవనం పేరు గోల్కొండ్. నిజాం ఇచ్చిన విరాళంతో మొదలైంది కాబట్టి మన గోల్కొండ పేరు. తర్వాత అమెరికాలో ఆయన బల్లలు ప్రసిద్ధికెక్కాయి. పలకలో బీట ఉంటే దాన్ని దాచడు. బీటకు అడ్డంగా సీతాకోకచిలుక రెక్కల్లాంటి చెక్కముక్క దించి, ఇక అంతకంటే విచ్చుకోకుండా బిగిస్తాడు. ఆ బొమ్మ పుస్తకంలో చూడగానే నాకు తెలిసినదేదో ఎదురైనట్టనిపించింది. ఎక్కడ చూశానో రెండు రోజులు తెలియలేదు. మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే తెలిసింది. మా వీధి తలుపు.

*

ఆ తలుపు మా ఊరిది కాదు. పెన్న మీద సోమశిల డ్యాం కట్టేటప్పుడు, ఇప్పుడు 78 టీఎంసీలు నిలిచే చోట, మునిగిపోయే ఊళ్ళవాళ్ళు ఇళ్ళు విప్పి దూలాలూ తలుపులూ అమ్ముకున్నారు. నాయన ఒక ద్వారబంధం, జత తలుపులు కొని బండి మీద వేయించుకొచ్చాడు. దారిలో ఎక్కడో పడిందో, ఎండకే పగిలిందో, ఎడమ తలుపు పలకకు జానెడు బీట. ఆచారి దానికి రెండు చోట్ల ముక్కలు దించాడు, నడుము సన్నగా, రెండు వైపులా వెడల్పుగా. అవి ఢమరుకాలని, శివుడి గుర్తని, దొంగలు రాకుండా పెట్టారని మా అవ్వ చెప్పేది. మేం నమ్మేవాళ్ళం. బడికి పోయేముందు ఆ ఢమరుకాన్ని తాకి కళ్ళకద్దుకునేవాణ్ణి, లెక్కల పరీక్ష రోజైతే రెండూ తాకేవాణ్ణి.

ఇప్పుడు దీపం పట్టుకుని చూస్తే ఇంకా కొన్ని కనపడ్డాయి. ద్వారబంధం కుసుల పక్కన ఉలితో కొట్టిన గాట్లు: ఒక మూల ఒకటి, ఒక మూల రెండు, ఒక మూల మూడు. ఏ కుసి ఏ బెజ్జంలోకో తప్పిపోకుండా వేసుకున్న లెక్క. అది మునిగిన ఊరి వడ్రంగిది. ఆ ఊరు విప్పాక కూడా ఆ తలుపు మా ఇంట్లో సరిగా నిలబడిందంటే ఆ గాట్ల పుణ్యమే. పలకలు చట్రం గాడిలో బిగించి లేవు, వేలితో నొక్కితే వెంట్రుకవాసి కదులుతాయి. కదలాలనే అలా వదిలిపెట్టారు. చెక్క పొడుగు మారదు, అడ్డం మారుతుంది. వానకు తాగి వెడల్పవుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. దానికి చోటివ్వకపోతే అది చీల్చుకుని చోటు చేసుకుంటుంది.

అమ్మ పెళ్ళి మంచం కూడా వెల్లకిలా వేశాను. చిన్నమ్మ "ఏమబ్బయ్యా, దెయ్యం పట్టిందా" అంది. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, ఒక్క మేకు లేదు, బంక లేదు. కుసులు ఊరికే బెజ్జాల్లోకి దించి ఉన్నాయి. మరి ఇన్నేళ్ళు ఎలా ఊడలేదు? నవారు పట్టుకుని చూస్తే తెలిసింది. నవారు బిగించే కొద్దీ పట్టెలు లోపలికి లాగుకుంటాయి, లాగుకునే కొద్దీ కుసులు కోళ్ళలోకి ఇంకా దిగుతాయి. మంచాన్ని నిలబెట్టింది నవారే. పడుకున్న మనిషి బరువు కూడా ఆ పనికే సాయం. ఎదురుగా కనపడే చోట, చెయ్యి తగిలే చోట పట్టె అద్దంలా ఉంది. అడుగున మాత్రం చేపపొలుసుల్లా బాడిస గాట్లు. అక్కడ చిత్రిక తగలలేదు. నాకు మొదట కాస్త చిన్నతనంగా అనిపించింది, మా అమ్మ మంచానికి సగం పనే చేశాడా అని. తర్వాత నేనొక మంచం చేయబోయి, పట్టె అడుగు నున్న చేయడానికి ఒక ఆదివారం మొత్తం తగలేసినప్పుడు, రేపు ఎవరి మడకో ఎదురుచూస్తున్న మనిషి ఆ ఆదివారాన్ని ఎక్కడ మిగుల్చుకున్నాడో అర్థమైంది.

*

ఉన్నమాట చెప్పాలంటే ఆ మంచంలో నల్లులుండేవి. కుసి దిగిన ప్రతి బెజ్జమూ వాటికి కాపురమే. ఎండాకాలం మంచాలన్నీ వాకిట్లోకి ఈడ్చి, విప్పి, బెజ్జాల్లో సలసల కాగే నీళ్ళు పోసి, కిరసనాయిలు చిలకరించి, కోళ్ళను రాతికేసి కొట్టేవాళ్ళు. రాత్రికి మళ్ళీ కుట్టేవి. ఇనుపమంచం వచ్చాక మా అమ్మ ఈ మంచాన్ని అటకెక్కించి హాయిగా నిద్రపోయింది. ఆవిడ నిద్ర ముందు నా కుసుల మురిపెం నిలవదు.

ఇంకోటి. మా వసారాలో ఆచారి చేసిన టేకు కుర్చీలు రెండుండేవి, గుడ్డ పడకకుర్చీ ఒకటి. వాటి మీద ఎవరు కూర్చోవచ్చో, ఎవరు గడప మీద కూర్చోవాలో, ఎవరు వాకిట్లో నిలబడే మాట్లాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. ఆ కుర్చీలు చేసిన ఆచారి కూడా వాటి మీద కూర్చోగా నేను చూడలేదు. చేసేటప్పుడు బరువు ఆపుతుందో లేదో చూడ్డానికి కూర్చుని ఉంటాడు, ఒక్క నిమిషం. దళితవాడ నుంచి పనికి వచ్చినవాళ్ళు ఆ కుర్చీని తుడిచి ఎరుగుదురు గానీ కూర్చుని ఎరగరు. తర్వాత ఒకదాని మీద ఒకటి పేర్చుకునే ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అన్నీ ఒకే రంగు, ఒకే ఎత్తు. పెళ్ళికైనా, చావుకైనా, పంచాయతీకైనా వ్యాను మీద యాభై దిగుతాయి. ఏది ఎవరిదో చెప్పలేం. కొయ్యపని చేసేవాడికి ఆ కుర్చీని చూస్తే కడుపులో తిప్పుతుంది, అందులో చూడ్డానికేమీ లేదు. అయినా మా వీధిలో అందరూ ఒకే ఎత్తున కూర్చోవడం మొదలైంది వాటి మీదే. చట్టాలూ ఉపన్యాసాలూ చేసిన పనిలో అదీ ఒక చెయ్యి వేసింది, అది వేద్దామనుకోకుండానే.

ఆచారి మనవడు నెల్లూరులో ఉన్నాడు. ప్లైవుడ్, సన్మైకా, మాడ్యులర్ వంటిళ్ళు. మొన్న ఒక పెళ్ళిలో కలిశాడు. నా చేతికి పదును మచ్చ చూసి గుర్తుపట్టి నవ్వాడు. "మా తాతకు కూడా ఉండేది సార్." నేను ఉత్సాహంగా ఢమరుకం సంగతి, గాట్ల సంగతి చెప్పాను. విన్నాడు. "పని గొప్పదే సార్. కానీ కల్లం కాడ కుంచం పట్టుకోని నిలబడాల గదా. ఇప్పుడు నేను కొటేషన్ ఇస్తాను, సగం అడ్వాన్సు తీసుకుంటాను, వాళ్ళ సోఫాలోనే కూర్చోని మాట్లాడతాను" అన్నాడు. సానరాయి ఏమైందని అడిగాను. వాళ్ళమ్మ పచ్చడి నూరుకునే రోలు పక్కన ఉందట. ఉలులు పాత ఇనుముకు పోయాయట. కుసి అన్న మాట తనకు తెలుసుగానీ తన దగ్గర పనిచేసే బీహారు కుర్రాళ్ళకు దాంతో పని లేదన్నాడు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా పోగుచేయించి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా తెచ్చిన సేద్యపు మాటలు నా అలమరలో ఉన్నాయి. మడక భాగాలకే ఎన్ని పేర్లో. ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా కొట్టం ముందు వరసగా పడున్న రోగులు కళ్ళ ముందుకొస్తాయి.

ఇక్కడే, మా చుట్టుపక్కలే, చేతిపని ఇంకా బతికున్న చోటు ఒకటుంది. ఆత్మకూరు మీదుగా పోతే ఉదయగిరి. దుర్గం కొండ కింద వీధుల్లో ఆడవాళ్ళు కూర్చుని నర్ది కొయ్యతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. కొండపల్లి బొమ్మకు పొణికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు ఎలాగో ఉదయగిరి చెంచాకు నర్ది అలాగ. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆకురాయి రాపిడి వీధి మొదట్లోంచే వినపడుతుంది. నేనొక చెంచా తీసుకుని వెనక్కి తిప్పి చూశాను. పిడి వెనక కూడా ముందులాగే నున్నగా ఉంది. ఎంతసేపు పట్టిందని అడిగితే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. బేరానికి అడుగుతున్నాననుకుంది. "సేపెందుకు నాయనా, రేటు చెప్పు" అంది.

*

మర్నాడు వాన తెరిపిచ్చింది. నేను నా చిత్రిక తీసుకుని తలుపు ముందు పీట వేసుకున్నాను. అంచు మీద పాత రంగు పొరలు, వాటి కింద నల్లబడ్డ టేకు, దాని కింద తేనెరంగు చేవ. వాలు చూసుకుని మొదలుపెట్టాను. ఎదురువాలుకు పడితే పెచ్చులు లేస్తాయి. మొదటి పొర తెగుతూ తెగుతూ వచ్చింది, రెండోది పొడుగ్గా. 'సర్ర్' మన్నప్పుడు పక్కింటి పాప బయటికొచ్చి నిలబడింది. చుట్టను వేలికి తొడిగాను. వాసన చూసి "చాక్లెట్ వాసన లేదే" అని పారేసి పోయింది. చిన్నమ్మ మాత్రం చేటలోకి ఎత్తుకుంది. గ్యాసు పొయ్యే అయినా కార్తీకం నీళ్ళు కాచుకోవడానికి పెరట్లో కట్టెలపొయ్యి ఉంది.

గంటన్నర పట్టాను. పని బాగా సాగితే ఆపబుద్ధి కాదు. ఆఖరికి తలుపు ఒక్క వేలితో తోస్తే తెరుచుకుంది, ఒక్క వేలితో లాగితే మూసుకుంది. గొళ్ళెం చప్పుడు లేకుండా పడింది. చిన్నమ్మ నాలుగైదుసార్లు తెరిచి మూసి, ఇరుగమ్మను పిలిచి చూపించింది. "మా ఆచారి వానకు పిలిస్తే ఎప్పుడన్నా వచ్చినాడా? నా బిడ్డ ఒక్క పూటలో చేసినాడు" అంది. నేను వద్దు వద్దంటూనే రెండోసారి కాఫీ తాగాను.

ఏప్రిల్ ఆఖర్లో చిన్నమ్మ ఫోను చేసింది. ఎండలు మండిపోతున్నాయని, నిమ్మకాయ రేటు బాగుందని, ఎవరెవరి కబుర్లో చెప్పి, పెట్టేయబోతూ ఆగింది.

"అబ్బయ్యా, ఆ తలుపు."

"ఏమైంది చిన్నమ్మా?"

"రెండు తలుపులకూ మధ్యన వేలు దూరతా ఉంది. మంచం మీద పడుకుంటే వీధిలో పోయేవాళ్ళంతా కనపడతా ఉండారు. నిన్న తొండ ఒకటి లోపలికొచ్చి దేవుడి పటం ఎక్కింది." కాసేపు ఆగి, "తుపాన్లప్పటికి మళ్ళీ ఉబ్బుద్ది గదా? అందాకా గుడ్డ కుక్కుకుంటాలే. నువ్వు మాత్రం ఈసారి చిత్రిక తేబాకు" అంది.